గాజంత కాలనీ

హైదరాబాదు పోయి వచ్చినవాళ్ళు చార్మినార్ గురించి చెబుతారు, మ్యూజియంలో గడియారం గురించి చెబుతారు, బిర్యానీ సంగతి చెప్పి మనకు నోరూరిస్తారు. నేను అవేవీ చూడకుండా, ఒక బండ మీద మచ్చను చూసి తిరిగి వచ్చాను. మన అనంతపురంలో బండలకు కరువా, వాటి మీద మచ్చలకు కరువా అని మా ఆవిడ బస్టాండు దాకా అడుగుతూనే వచ్చింది.

ఆ మచ్చ పేరు కలోప్లాకా. మీరూ చూసే ఉంటారు. రాళ్ళ మీద పసుపుగానో నారింజ రంగులోనో గుండ్రంగా పట్టి ఉంటుంది. ఎవరో పెయింటు ఒలకబోశారనుకుని ముందుకు పోయి ఉంటారు. అది ప్రాణి. నిజానికి ఒకటి కాదు, రెండు. బూజు జాతి శిలీంధ్రం ఒకటి, నాచు జాతి శైవలం ఒకటి కలిసి పెట్టిన కాపురం. దాన్నే లైకెన్ అంటారు. లైకెన్లలో కొన్ని ఆకుల్లా పైకి లేస్తాయి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు అలాంటిదే. కలోప్లాకా మాత్రం రాయికి పెచ్చులా అతుక్కుని ఉంటుంది, గోటితో గీకితే గోరే అరుగుతుంది. వెలుతురు తగిలే రాయి, వానకు తడి జారే చోటు దొరికితే దానికి ఇంకేమీ అక్కరలేదు. పెరగడం మాత్రం ఏడాదికి ఆవగింజలో పావు వంతు.

దీని కోసం నన్ను పంపింది మా రాజేశ్వరమ్మ మేడం. నాకు వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, తర్వాత నేను లెక్చరర్‌గా చేరిన కాలేజీకే ప్రిన్సిపాలు. మేడం మొన్న కార్తీకంలో పోయారు, కాబట్టి ఇదంతా ఇప్పుడు రాయొచ్చు.

మేడం చదువుకునే రోజుల్లో క్లాసంతా మాదాపూర్ గుట్టలకు వెళ్ళారట. అప్పుడక్కడ గొర్రెలు, ఈత చెట్లు తప్ప ఏమీ లేవు. ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు గుండ్లలో పై గుండు మీద ఈ కాలనీ కనిపించింది. లైకెన్ పట్టిన మచ్చను మా భాషలో కాలనీ అంటాం. కొలుద్దామంటే స్కేలు మరిచిపోయారు. చేతి నుంచి ఆకుపచ్చ మట్టిగాజు తీసి దాని చుట్టూ పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆ గాజును మళ్ళీ చేతికి వేసుకోలేదు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో తిరిగి వచ్చి కొలవాలనుకున్నారు. వాళ్ళమ్మ జబ్బు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ప్రిన్సిపాలు కుర్చీ, ఇలా నలభై ఏళ్ళు కావొచ్చాయి. తీరా రిటైరై తీరిక దొరికితే స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇంతలో పేపర్లో వార్త, కంప్యూటర్ కంపెనీల కోసం మాదాపూర్ వైపు రాళ్ళన్నీ పేల్చేస్తున్నారని.

"ఒక కొలత కొలత కాదప్పా భూషణా," అన్నారు మంచం మీది నుంచే, "రెండోది ఉంటేనే మొదటిది కూడా కొలత అవుతుంది. లేకుంటే ఇది ఉత్త గాజు. నువ్వు పోయి రా."

పౌడరు డబ్బాలో దూది పరిచి, గాజు అందులో పెట్టి నా చేతికిచ్చారు.

కర్నూలు దాటాక

బస్సు కర్నూల్లో ఆగినప్పుడు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఇక అవతల ఉగ్గాని అంటే ఎవరికీ తెలియదని ముందుచూపుతో రెండు ప్లేట్లు తిన్నాను. దాని ఫలితం జడ్చర్ల దాకా అనుభవించాను, అది మీకు అనవసరం.

పక్క సీట్లో ఒక యువకుడు చేరాడు. డిగ్రీ అయిపోయిందట, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయడానికి పోతున్నాడు. ఆ రోజుల్లో ఆ బస్సులో పోయేవాళ్ళలో సగం మంది అందుకే పోయేవాళ్ళు. మీరెందుకు పోతున్నారని అడిగాడు. లైకెన్ కోసం అన్నాను.

"లైకెనా? కొత్త ప్యాకేజీనా సార్? ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తాండారు?"

"ప్యాకేజీ కాదు నాయనా. లోపల శైవలం వంట చేస్తుంది, బయట శిలీంధ్రం ఇల్లు కట్టి కాపలా కాస్తుంది. రెండూ కలిసి ఒకటి."

అతను కాసేపు ఆలోచించి తల ఊపాడు. "అర్థమైంది సార్. ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్. కోర్సు ఎన్నాళ్ళు?"

"నలభై ఏళ్ళు పట్టింది."

అతను పాపం మర్యాదగా కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

కూకట్‌పల్లి

నేను దిగింది నా పాత స్నేహితుడు సత్యం ఇంట్లో. యూనివర్సిటీలో ఒకే గది మాది. అతనిది గుడివాడ వైపు. హౌసింగ్ బోర్డు వాళ్ళ ఇల్లు కొనుక్కుని కూకట్‌పల్లిలో స్థిరపడ్డాడు. ఆ వీధిలో నిలబడితే హైదరాబాదులో ఉన్నామని ఎవరూ నమ్మరు. ఎటు చూసినా "ఏవండీ", "రండి", "కూర్చోండి". కూరగాయలమ్మే ఆమె కూడా బెండకాయలను అండీ అని పిలుస్తుందేమోనని నా అనుమానం.

సత్యం భార్య వరలక్ష్మి పెసరట్టు మీద పెసరట్టు వేసి, ప్రతిదానికీ "ఇదే ఆఖరుదండీ అన్నయ్యగారూ" అంది. మా వైపు అతిథి చాలంటే ఒకసారి బతిమాలి వదిలేస్తాం. వీళ్ళు చాలన్న మాటను మొదలుపెట్టమన్నట్టు తీసుకుంటారు. ఐదో పెసరట్టుకు నేను విస్తరి మీద చేయి అడ్డం పెట్టాను. చేతి మీదే వేసింది.

భోజనమయ్యాక గాజు చిట్లిందేమోనని డబ్బా తెరిచి చూసుకున్నాను. అదే నా పొరపాటు.

"అన్నయ్యగారూ, వదినగారి గాజాండీ?"

"కాదమ్మా, మా మేడంది."

వరలక్ష్మి సత్యం వైపు చూసింది. సత్యం గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"ఒక్కటే ఉందేంటండీ? రెండోది ఆవిడ చేతికే ఉందా?"

జరిగిందంతా చెప్పాను. బండ, మచ్చ, నలభై ఏళ్ళు, తుంటి. వరలక్ష్మి శ్రద్ధగా విని, సత్యాన్ని తీసుకుని లోపలికి పోయింది. ఫోను దగ్గర చిన్నగా "మా వదినగారి నెంబరు ఎంతండీ?" అని మొగుణ్ణి అడగడం నాకు వినబడింది. అనంతపురంలో నా పరువు ఆ పూట సత్యం చేతిలో ఉంది. నెంబరు మరిచిపోయానన్నాడు, మంచివాడు.

మాదాపూర్ చాయ్ హోటల్

మర్నాడు ఉదయం మాదాపూర్‌లో దిగాను. దారికి మేడం చెప్పిన గుర్తులు రెండు, ఈత చెట్లు, గొర్రెల మంద. రెండూ లేవు. ఎర్రమట్టి రోడ్ల మీద లారీలు తిరుగుతున్నాయి. దూరంగా అద్దాల భవనం ఒకటి గుండ్రంగా లేచి ఎండకు మెరుస్తోంది. దాని చుట్టూ గుండ్లు ఇంకా అలాగే కూర్చుని ఉన్నాయి, పెళ్ళింట్లో ఎవరూ పలకరించని పెద్దవాళ్ళలా. ఉండుండి ఎక్కడో ఢామ్మని శబ్దం. ఇంత పెద్ద ఊళ్ళో ఆ ఒక్క గుండు ఎక్కడుంది, ఉందా అసలు?

చాయ్ హోటల్లో కూర్చున్నాను. ఇరానీ చాయ్ మూడు రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు టీలు వస్తాయి, కానీ ఇందులో చెంచా నిలబెడితే నిలబడేలా ఉంది. ఉప్పు బిస్కెట్టు తీయగా ఎందుకుందని అడిగితే యజమాని నన్ను జాలిగా చూశాడు.

ఎదుటి కుర్చీలో తెల్ల చొక్కా, మెడలో గొలుసు వేసుకున్న మనిషి కూర్చున్నాడు. పేరు నర్సింహ. కొండాపూర్‌లో పుట్టి పెరిగినవాడు. పొలం అమ్ముకుని, అమ్మడం అలవాటై, ఇప్పుడు ఊళ్ళో అందరి పొలాలూ అమ్మిపెడుతున్నాడు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం స్థానికుడు కదా అని అడిగాను.

"అన్నా, ఇక్కడ చాలా పాత కాలనీ ఒకటి ఉండాలి. దాని కోసం అనంతపురం నుంచి వచ్చాను."

అతని ముఖం వెలిగిపోయింది. ఇంకో చాయ్ చెప్పాడు. "అట్ల చెప్పు సార్! పాతదెందుకు, కొత్త కాలనీలు మస్తున్నయ్. ఎంత కావాలె?"

"పెద్దదేం కాదు. గాజంత."

"గజాలల్లనే చెప్తం సార్, ఎకరాలల్ల ఇప్పుడు ఎవడమ్ముతుండు? ఎన్ని గజాలు?"

"ఒకటే గాజు."

"ఒక్క గజమా!" అని నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత తనే నవ్వాడు. "సమజైంది. అసలు సైజు ముందుగాల చెప్పొద్దనుకుంటున్నవ్. హుషారున్నవ్ సార్. ఏ ఫేసింగ్?"

నాకు మేడం మాట గుర్తుంది. "ఉత్తరం వైపు."

"నార్త్ ఫేసింగ్! ఇంకా?"

"పైనుంచి నీళ్ళు జారుతుండాలి. పక్కన ఇంకో కాలనీ ఆనుకుని ఉండకూడదు. ఉంటే మెల్లగా పాకి వచ్చి దీన్ని ఆక్రమిస్తుంది."

"కబ్జా!" అన్నాడు నర్సింహ బల్ల మీద చరుస్తూ. "ఈ ఏరియాల అదే పరేషాన్ సార్. నువ్వేం ఫికర్ చెయ్యకు. నేను చూపించేది క్లియర్ టైటిల్."

ఇంత శాస్త్రజ్ఞానం ఉన్న మనిషి చాయ్ హోటల్లో దొరకడం నా అదృష్టమనుకుని అతని స్కూటర్ ఎక్కాను.

మియాపూర్ దాకా వృథా ప్రయాణం

మధ్యాహ్నం దాకా అతను నాకు చూపించినవి సున్నం గీతలు. మియాపూర్‌లో సున్నం గీతలు, కొండాపూర్‌లో సున్నం గీతలు, మళ్ళీ రాయదుర్గం వైపు వచ్చి సున్నం గీతలు. ప్రతిచోటా దిగి, చేయి గాల్లో ఆడించి, "ఇదే సార్ కాలనీ" అనేవాడు. నేను నేల మీద కూర్చుని, జేబులో భూతద్దం తీసి, చుట్టుపక్కల రాళ్ళన్నీ వెతికి, "ఇక్కడ లేదన్నా" అనేవాణ్ణి. రాళ్ళను అంత జాగ్రత్తగా చూసే కొనుగోలుదారును అతను ఎప్పుడూ చూడలేదట. పునాది గట్టిదనం చూస్తున్నానని అనుకున్నాడట.

రాయదుర్గంలో ఒక రాతి మీద నిజంగానే చిన్న కలోప్లాకా కనిపించింది. సంతోషం పట్టలేక బోర్లా పడుకున్నాను. "ఇదిగో అన్నా, ఇదీ కాలనీ! ఇలాంటిదే, కాకపోతే గాజంత ఉండాలి," అని డబ్బా తీసి గాజు చూపించాను.

నర్సింహ గాజును చూశాడు. మచ్చను చూశాడు. స్కూటర్ పెట్రోలు ముల్లు వైపు చూశాడు.

"గాజు," అన్నాడు నెమ్మదిగా. "గజం కాదు."

"గాజే."

"గీ పసుపు మచ్చ కోసమా పొద్దుగాల సంది నన్ను తిప్పిచ్చినవ్? నీకు ప్లాట్ వద్దా?"

అతను తిట్టిన తిట్లు రాయను. కొన్ని ఉర్దూ, నాకు అర్థం కాలేదు, అర్థమైనవి రాయదగ్గవి కావు. తిట్టి అలిసిపోయాక, తప్పు నాదీ కొంత ఉంది కాబట్టి భోజనం పెట్టిస్తానన్నాను. జొన్నరొట్టె, బోటీ కూర తిన్నాం. మా వైపు సంగటిలోకి ఊరుబిండి నూరుకున్నట్టు వీళ్ళు రొట్టెకు ఎర్రకారం పూసుకుంటారు. కారం కళ్ళలో నీళ్ళు తెప్పించిందో, మేడం సంగతి చెబుతుంటే వచ్చాయో తెలియదు, నేను కళ్ళు తుడుచుకున్నాను. ఉత్త చేతులతో తిరిగి పోతే ఆమెకు ఏం చెప్పను?

"ఏడ్వకు సార్," అన్నాడు నర్సింహ ఇబ్బందిగా. "ఒకదాని మీద ఒకటి గుండ్లన్నవ్ గదా? పైదానికి నడుమ పగులున్నదా?"

"ఉంది! పగులుకు జానెడు దూరంలోనే కాలనీ అని మేడం చెప్పారు."

అతను రొట్టె కింద పెట్టాడు. "అవి జోడుగుండ్లు. మా పాలోళ్ళవే, దాయాదులయి. మొన్ననే నేనే అమ్మిపిచ్చిన. ఇయ్యాల్నే బ్లాస్టింగ్. లే, చెయ్యి తర్వాత కడుక్కుందువు!"

జోడుగుండ్లు

ఎర్రజెండా పట్టుకున్న మనిషి మమ్మల్ని దూరం నుంచే ఆపాడు. ఒంగోలు వైపు వాడు, మెడలో ఈల. గుండ్లకు అప్పటికే బెజ్జాలు వేసేశారు. తూటాల పెట్టె జీపులో వస్తోందట, ఎవర్నీ పోనివ్వనన్నాడు. నేను లైకెన్ గురించి మొదలుపెట్టబోతే నర్సింహ నా కాలు తొక్కాడు.

"వాస్తు సారు! ఓనర్ పంపిండు. వాస్తు చూడకుంట పేలిస్తే రేపు నువ్వు జవాబిస్తవా?"

జెండా దిగిపోయింది. ఆ ఊళ్ళో పోలీసు పేరు చెప్పినా అంత తొందరగా దిగదనుకుంటాను. "పెట్టె వచ్చేలోపు చూసేసి దిగండి పంతులుగారూ," అన్నాడతను.

చెప్పులు విప్పి ఎక్కాను. రెండుసార్లు జారాను, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. నర్సింహ వెనక నుంచి నెట్టాడు. పైన పగులు ఉంది. పగులుకు జానెడు దూరంలో, పండిన నారింజ రంగులో, అంచులు మడతలు మడతలుగా విచ్చుకుని, కాలనీ ఉంది.

డబ్బా తెరిచి, గాజు తీసి, దాని మీద పెట్టాను. మేడం పెట్టినప్పుడు గాజు లోపల సరిగ్గా ఇమిడిన కాలనీ ఇప్పుడు గాజుకు బయట చుట్టూరా గోరంత పొంగి ఉంది. గాజు దాని మధ్యలో మునిగి కూర్చుంది. అంత సంతోషం నాకు మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా కలగలేదు. అప్పుడు వరండాలో నిద్రపోతున్నాను. బయటి అంచును స్కేలుతో కొలుచుకున్నాను, పొరపాటు లేకుండా మళ్ళీ కొలుచుకున్నాను.

"నలభై ఏండ్లల్ల గింతేనా?" అన్నాడు నర్సింహ పక్కన కూర్చుని. "మా తమ్ముడే నయం." కాసేపటికి తనే వేలితో దాన్ని మెల్లగా తాకాడు. "సార్, దీన్ని ఊడదీసుకొని పోరాదు?"

ఊడిరాదు. పెచ్చు రాయిలోకి దిగిపోయి ఉంటుంది, రాయితో సహా చెక్కుకోవాలి. కింద నుంచి సుత్తి, ఉలి తెప్పించాడు. నాలుగు దెబ్బలు కొట్టాను. గుండుకు గీత కూడా పడలేదు, నా బొటనవేలు మాత్రం చితికింది. ఇంతలో జీపు వచ్చింది.

వేలు నోట్లో పెట్టుకునే నాకో ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేను వాస్తు పండితుణ్ణి కదా! దిగి, గొంతు సవరించుకుని, ఎర్రజెండా మనిషితో గంభీరంగా అన్నాను. "ఈ గుండు తీయకూడదు. ఈ మూల బరువు ఉండి తీరాలి. ఓనరుకు నేను చెబుతాను."

అతను జెండా చంకలో పెట్టుకుని, సూర్యుణ్ణి చూసి, గుండును చూసి, నన్ను చూశాడు.

"ఇది ఈశాన్యం కదండీ పంతులుగారూ. ఈశాన్యంలో బరువుంటదా?"

తూటాలు దించుతున్న వాళ్ళు కూడా పని ఆపి నవ్వారు. నర్సింహ తల పట్టుకున్నాడు. "నైరుతి అనొచ్చు గద సార్!" అన్నాడు స్కూటర్ దగ్గరికి లాక్కుపోతూ. ఏ మూల బరువుండాలో తెలియని మనిషి ఆ ప్రాంతం మొత్తంలో నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. వాస్తు నాలుగు ముక్కలు నేర్చుకుని ఉంటే ఆ గుండు ఇంకో వారమైనా నిలిచేది. ఆ దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

ఎస్టీడీ బూతు

నర్సింహ నన్ను నేరుగా రోడ్డు పక్కన ఎస్టీడీ బూతు దగ్గర దింపి, తను బయట నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అద్దాల డబ్బాలో నిలబడి మేడం ఇంటికి కలిపాను. పనిమనిషి ఫోను మంచం దగ్గరికి పట్టుకుపోయిన చప్పుడు వినబడింది.

"ఏమప్పా భూషణా. గాజు సరిపోయిందా?"

"సరిపోలేదు మేడం. బయటికి వచ్చేసింది. చుట్టూ గోరంత."

అవతల ఆమె నవ్వడం వినబడింది. క్లాసులో అన్నేళ్ళు చూశాను, ఇంట్లో చూశాను, ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు.

"గోరంత! నాకు తెలుసప్పా. నాకు తెలుసు. అంచు ఎట్లుండాది? పొడిబారలేదు కదా? బతికే ఉండాది కదా?"

"బతికే ఉంది మేడం. మంచి రంగు మీద ఉంది."

ఆ మాట నోట్లో ఉండగానే నేల అదిరింది. అద్దాలు గలగలలాడాయి. నర్సింహ టోపీ తీసినట్టు తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమప్పా ఆ శబ్దం?"

"ఉరుము మేడం," అన్నాను. "ఇక్కడ బాగా మబ్బు పట్టింది."

"మంచిదే కదా. తడిస్తేనే అది పెరిగేది. గాజు జాగ్రత్తగా తీసుకొని రా. రెండేండ్లు పోయినాక మళ్ళీ పోయి కొల్చుకొని వద్దువు."

సరే మేడం అన్నాను.